ముందుకథ

ఆఖరి బస్సు పంటెక్కి తికీనా జలసంధి దాటిపోయింది,
చక్రాల కింద పలకలు మూలుగుతుంటే.
ప్రయాణికులు వేరే పడవలో మెడలు సాచి
తమ మూటలున్న బస్సు మునగలేదు కదా అని చూసుకుంటూ పోయారు.
ఇక తెల్లారేదాకా సరస్సు నాది,
దవడన పెట్టుకున్న కోకా ఆకు నాది,
ఎల్ ఆల్తో సంతలో ఎండు బంగాళాదుంపల పక్కన బేరమాడి కొన్న
అట్ట ఊడిన ఈ మూడో సంపుటం నాది.
రెండోది దొరకలేదు.
"మధ్యలో ఏముంటుందమ్మా, యుద్ధమేగా" అంది అమ్మినామె.

అసలు కథ ఇరవై ఏళ్ళ కిందటే చదివేశాను.
అందులో ఆ నౌకాదళానికి తొమ్మిది వందల ఓడలు.
గ్రహాలు పక్కకి జరిగి దారిచ్చేవి.
నాకది ఒంటికి పట్టలేదు.
తొమ్మిది వందల ఓడలున్నవాళ్ళ కష్టం
నాకేం తెలుసు?

ఇప్పుడా రచయిత ముసలితనాన వెనక్కి నడిచి
దానికంటే ముందు జరిగింది రాస్తున్నాడు.
మూడే ఓడలు.
మూడోదాని పంపు ఊడదీసి మొదటిదానికి బిగిస్తే
గొలుసు తెగిన సైకిల్లా మూడోది గోడకి ఆనుకుంటుంది.
గాలి శుద్ధిచేసే జల్లెడని పళ్ళ బ్రష్షుతో తోముకుంటారు.
పదకొండో అధ్యాయంలో కెప్టెన్
నాలుగు పేజీల అర్జీ పెడతాడు ఇంధనం కోసం.
రాజధాని నించి ఒకటే ముక్క జవాబు:
ఇంతకీ శత్రువెవరు?

అక్కడ ఎంత గట్టిగా నవ్వానంటే
సబీనో తుపాకీతో సహా తలుపులోంచి తొంగిచూశాడు.

మమ్మల్నీ అడుగుతారు.
పెళ్ళి విందుల్లో అడుగుతారు, చేప ముల్లు తీసుకుంటూ:
సముద్రమే లేదు, మీకు నౌకాదళం దేనికి?
మార్చి వస్తే తెల్ల చేతితొడుగులు ఉతుక్కుని కవాతు చేస్తాం,
మా ముత్తాతలు పుట్టకముందే పోయిన తీరం కోసం.
నేను సముద్రాన్ని చూసింది ఒక్కసారే,
పరాయి దేశపు కాగితం మీద ముద్ర వేయించుకుని,
బూట్లు చేత్తో పట్టుకుని.
ఉప్పగా ఉందని అమ్మకి చెప్తే
చారుకి పనికొస్తుందా అనడిగింది.

చెప్పాల్సింది అది కాదు.

ఈ సంపుటంలో ఒకమ్మాయి ఉంది, ఇషెల్ వొరాన్.
పందొమ్మిదేళ్ళు. అన్న బూట్లు, ముందు గుడ్డ కుక్కుకుని.
సామాన్ల గది లెక్కలు ఆమె పని.
పేరు చదవగానే చెయ్యి ఆగింది.
అసలు కథలో అన్నిటికన్నా పెద్ద యుద్ధనౌక పేరది.
మూడు వందల సార్లు చదివుంటాను
ఇషెల్ వొరాన్ కాల్చింది, ఇషెల్ వొరాన్ తిరిగింది అని,
ఇనుమే అనుకుని.

బతికున్నవాళ్ళ పేర్లు ఓడలకి పెట్టరు.

ఇంకా అరవై పేజీలున్నాయి.
బొటనవేలితో వాటి మందం తడిమి చూశాను,
ఎక్కడో అందులో ఉంటుంది.
లాంతరు తీసుకుని రేవులోకి వెళ్ళాను, ఊరికే.
మా గస్తీ పడవ మీదా ఒక పేరుంది,
పన్నెండేళ్ళుగా ఏటా రెండుసార్లు
తుప్పు గీకి తెల్లరంగు వేస్తున్నాను.
అందులో "ర" దగ్గర కుంచె ఎప్పుడూ జారుతుంది.
ఎవరని ఎన్నడూ అడగలేదు.
ఇవాళ అడుగుదామంటే
రేవులో రెండు నీటికోళ్ళు తప్ప ఎవరూ లేరు.

తెల్లవారుజామున సబీనో టీ తెచ్చాడు.
"అయిపోయిందా సార్జెంటమ్మా?"
"లేదు."
"చివరికి ఏమవుతుంది?"
"అది నాకు ముందే తెలుసు."
"మరెందుకు చదవడం?"

మొదటి బస్సు అవతలి ఒడ్డున హారన్ కొడుతోంది.
నూట డెబ్భయ్యో పేజీలో
ఇషెల్ లెక్కకి రెండు సూప్ డబ్బాలు తగ్గాయి,
మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ మొదటినించి లెక్కపెడుతోంది.
పేజీ మధ్యన టికెట్టు ముక్క పెట్టి మూశాను.
"డబ్బాలు దొరకనీ," అన్నాను వాడితో.